గుటకల లెక్క

మెలకువ వచ్చేసరికి
గొంతులో ఎవరో కొబ్బరిపీచు కుక్కి వెళ్ళిపోయారు.
అమలాపురం, నర్సింగ్ హోం పై అంతస్తు.
ఫ్యాను రెక్కలు మూడు.
రెండుసార్లు లెక్కపెట్టాను,
మత్తు దిగిందో లేదో తెలియాలిగా.

పక్క మంచం మీద ఆరేళ్ళ పిల్లాడు,
పొద్దున్న నాతోపాటే టాన్సిల్స్ తీయించుకున్నవాడు,
సాయంత్రానికి ఐస్‌క్రీం కప్పు అడుగు గీకేసి
సెలైన్ స్టాండు పట్టుకుని వరండాలో బస్సు నడుపుతున్నాడు.
"ఆ వయసులో అయితే మూడు రోజులండీ,
మీకు పదో, పన్నెండో" అన్నాడు డాక్టరు
పాత బాకీకి వడ్డీ కట్టి చెప్పినట్టు.
"ఆయ్" అనబోయాను.
పుట్టి బుద్ధెరిగాక ఆలోచించకుండా వచ్చే మాట
నాలుక వెనక గుమ్మంలోనే కూలబడింది.

నా పని అంబాజీపేటలో కాయల లెక్క.
చేతికి రెండు, రెండు చేతులకీ పుంజీ,
ఈ రాశి మీంచి ఆ రాశి మీదకి విసురుతూ అరవాలి:
లాభం, లాభం... రెండూ, రెండూ...
ఒకటి అనం.
ఒకటి అంటే రాశి చిన్నబుచ్చుకుంటుందనేవాడు మా మేస్త్రి.
లారీ ఇంజను మోత మీద తేలాలి గొంతు.
ఆ గొంతుకే ఏడాదికి ఆరుసార్లు చీము, జ్వరం, సూదులు.

ఇంటికొచ్చాక తెలిసింది
తన ఉమ్మి తను మింగడం ఎంత పనో.
రాత్రంతా ఊరుతూనే ఉంటుంది, బోదెలో నీరులా,
లాకు ఎత్తాలా వద్దా అని పడుకుని ఆలోచిస్తాను.
ఎత్తితే గాజుపెంకు.
అది గొంతులో ఆగదు, చెవిలోకి పోతుంది.
గండి పడింది కౌశికకి,
మునిగింది ఎవరి చేనో.

అందుకని లెక్క మొదలెట్టాను.
లాభం.
కళ్ళు తుడుచుకుని, రెండు.
తెల్లారేసరికి నూటపద్దెనిమిది గుటకలు.
లాభం అన్న మొదటిదే అన్నిటికంటే నష్టం.

బేబి మా చిన్నదాని పాత పలక తెచ్చిచ్చింది.
'గంజి చల్లారాలి' అని రాస్తాను, తుడుస్తాను.
"పెళ్ళయ్యాక మేం పోట్లాడుకోని వారం ఇదేనమ్మా"
అని పక్కింటావిడతో అంటోంది పెరట్లో.
'వినపడింది' అని రాసి కిటికీలోంచి చూపించాను.

అద్దంలో నోరు తెరిస్తే
రెండు పక్కలా తెల్లగా, కోరిన కొబ్బరి అంటుకున్నట్టు.
పీచు నానేసిన గుంట వాసన.
గోడవైపు తిరిగి పడుకోమని నేనే రాశాను బేబికి.

ఆవలింత గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేదు.
అది వస్తోందని తెలుస్తుంది.
దవడ పట్టుకుని ఆపుతాను.
ఆగదు.

ఏడో రాత్రి పెచ్చు ఊడింది.
ఉమ్మితే ఎరుపు. మళ్ళీ ఎరుపు.
బావమరిది బండి మీద, మధ్యలో నేను, వెనక బేబి,
కాలవగట్టు గతుకులు, బుగ్గలో ఐసుముక్క.
నర్సు టార్చి వేసి చూసింది:
"ఆగిపోయిందండీ. కాసేపు కూర్చుని వెళ్ళండి."
అప్పుడు ఏడ్చింది బేబి, అంతసేపూ ఏడవనిది.
పలక ఇంట్లో ఉండిపోయింది.
ఆమె అరచేతిలో వేలితో రాశాను.
ఏం రాశానో ఆమెకి అందిందో లేదో,
ఇప్పటిదాకా అడగలేదు.

పన్నెండో రోజో, పదమూడో,
కుండలో నీళ్ళు ముంచుకుని
నిలబడే తాగి, గ్లాసు బోర్లించి,
రెండడుగులు వేశాక ఆగాను.
ఎన్ని గుటకలు?
పాతికేళ్ళ కాయల లెక్కలో
నేను తప్పింది లేదు.

"ఏంటలా నిలబడిపోయారు?" అంది బేబి.
"ఆయ్" అన్నాను.
ఎవరిదో గొంతు, కాస్త సన్నగా, తడిగా.
గుమ్మంలో కోడి కూడా తలెత్తి చూసింది.