పావలా అయిపోయేదాకా

ట్రాయ్ ఊళ్లో, హడ్సన్ ఒడ్డున,
నాలుగో వీధి లాండ్రీలో నాది రాత్రి డ్యూటీ.
ఒకప్పుడు దేశం మెడలకన్నిటికీ కాలర్లు ఇక్కడే కుట్టారట.
ఇప్పుడు మిగిలినవి పన్నెండు డ్రయ్యర్లు,
వాటిలో మూడు తిరగవు.

హెస్టర్ క్విన్లన్ మొదటిసారి వచ్చినప్పుడు
ఉతకడానికి ఏమీ తేలేదు.
ఏడో నంబరులో పావలా వేసి
అది ఉత్తినే తిరుగుతుంటే నిలబడి చూసింది.
"ఎంతసేపు?"
"ఎనిమిది నిమిషాలు."
"సరిపోతుంది" అంది,
అద్దెగది కుదుర్చుకున్న మనిషిలా.

నాటకాలు రాస్తుందని తరువాత తెలిసింది.
ఒకదాంట్లో నటులు రాకముందే తెర దించేసిందట.
ఇంకోదాంట్లో కుర్చీలన్నీ వేదిక మీద,
జనం నిలబడి వాటిని చూడాలి.
"ఈమెకు కథ అంటే గిట్టదు" అని ఎవరో పేపర్లో రాస్తే
ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకుంది
బస్ పాసు పక్కన.

మా లాండ్రీ నాటకానికి నియమం ఒకటే:
డ్రయ్యర్ తిరిగినంతసేపే మాట.
ఆగితే ఎక్కడికక్కడ తెగాలి.
పగలు బస్సు తోలే ఓటిస్ ప్రాట్ తండ్రి,
పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాసే మార్నీ కూతురు.
ఫిబ్రవరి, మోకాలి లోతు మంచు.
లోపల పంతొమ్మిది మంది,
అందులో ఇద్దరు నిజంగా దుప్పట్లు ఆరేసుకోడానికే వచ్చారు.

ఓటిస్ అంటున్నాడు:
"ఆ రాత్రి నేను తలుపు తీయకపోవడానికి కారణం..."

డ్రయ్యర్ ఆగింది.

అంతే. అతని నోరు తెరిచే ఉంది.
ఎవరో దగ్గారు.
హెస్టర్ మూలన మడత బల్ల మీద కూర్చుని
గోళ్లు కొరుక్కుంటోంది, సంతోషంగా.

నాకు ఉండబట్టలేదు.
మా తాత తెనాలిలో హార్మోనిస్టు.
పద్యం నచ్చితే జనం వదిలేవాళ్లు కాదు,
చచ్చిపడ్డ రాజు కూడా దులుపుకుని లేచి
మళ్లీ పాడి, మళ్లీ చావాల్సిందే.
ఆ రక్తం ఊరుకుంటుందా.
"వన్స్‌మోర్!" అని అరిచాను
గల్లాపెట్టె వెనకనుంచి,
నా సొంత పావలా తీసుకెళ్లి ఏడో నంబరులో వేశాను.

అది తిరిగింది.
ఓటిస్ నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు.
ఆ మాట తరువాత కాగితంలో ఏమీ లేదు.
ఎనిమిది నిమిషాలూ
ఆ కారణం కోసం జేబులు తడుముకుంటూ
మా అందరి ముందూ నిలబడ్డాడు.
మార్నీ ఏడ్చింది. అదీ రాసింది కాదు.

వారం రోజులు హెస్టర్ నాతో మాట్లాడలేదు.
తరువాత మాసిన కోటొకటి తెచ్చి పడేసింది.
ఉతికే ముందు జేబులు చూడటం నా అలవాటు.
చివరి పేజీ, పెన్సిలు రాత:
"ఇక్కడ ఎవరైనా వన్స్‌మోర్ అనవచ్చు.
అనకపోతే అందరూ ఇళ్లకు వెళ్లండి."

కోటు తీసుకెళ్లడానికి రాలేదు.
ఏప్రిల్‌లో పోయింది.
రెండు వందల ఏడో నంబరు రసీదు
ఇంకా హ్యాంగరుకే ఉంది.

పావలాకి ఇప్పుడు ఆరు నిమిషాలే ఇస్తున్నాడు ఓనరు.
ఓటిస్ నెలకోసారి యూనిఫాం తెస్తాడు.
కారణం దొరికిందా అని నేనడగను.
తొమ్మిది ఖాళీగా ఉన్నా
అతను ఏడో నంబరు తలుపే తీస్తాడు.