తెల్ల పరదా

వారమంతా నైఫ్ రోడ్డులో
రెండో అంతస్తు స్టూడియోలో
తెల్ల పరదా ముందు మనుషుల్ని నిలబెడతాను.
గడ్డం కొంచెం కిందికి. చెవులు కనబడాలి. నవ్వొద్దు.
వెనక ఏమీ ఉండకూడదు:
ఊరు, ఎండ, అప్పు, ఏదీ.
నాలుగు పక్కలా కత్తిరించి
మనిషిని కవర్లో పెట్టి ఇస్తాను.

శుక్రవారం మాత్రం నాది.
మొక్తార్ భాయ్ దగ్గర వాయిదాల మీద కొన్న కెమెరా
మెడలో వేసుకుని మెట్లు దిగితే
వీధి. వెనక అన్నీ ఉన్న వీధి!
సబ్ఖా బస్టాండు గోడకి జానెడే నీడ,
ఆ జానెడులో పదకొండు మంది
వీపులు గోడకి అంటించి.
ఇస్త్రీ కొట్టు ఆవిరిలోంచి ఒక చెయ్యి,
వేలికి వెండి ఉంగరం,
మిగతా మనిషి ఎక్కడున్నాడో.
రాజంపేట రెడ్డెమ్మ
మేడమ్ పిల్లల బూట్లు కుట్టడానికిచ్చి
ఆ పావుగంటా మెట్టు మీద కూర్చుని
తన కాళ్లు తానే చూసుకుంటోంది.
"తీసుకో నాయనా, కాళ్లే కదా" అంది
నా వైపు తిరక్కుండానే.

రాత్రి దుప్పటి ముసుగులో అన్నీ మళ్లీ చూసుకుంటాను.
పై మంచం శ్రీశైలం తిడతాడు:
"రొట్టెలు తెమ్మంటే
గోడలు తెచ్చినవు, నీడలు తెచ్చినవు."
నిజమే, రొట్టెలు మర్చిపోయాను.

ఒక శుక్రవారం అబ్రా రేవు దగ్గర
తోపుడు బండి, బండి నిండా పాత టైర్లు,
టైర్ల మీద నిద్రపోతున్న మనిషి.
క్లిక్కుమన్న చప్పుడుకే లేచాడు,
రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుని.
"తీసెయ్ అన్నా. ఖల్లివెల్లి ఉన్న.
ఆరేండ్లాయె. నా మొకం ఏడ కనబడొద్దు."
అతని కళ్ల ముందే తీసేశాను.
"పోయిందా?"
"పోయింది."
నమ్మలేదు. తనే ఇంకోసారి నొక్కి చూశాడు.
పేరు రాజేశం అని మాత్రం చెప్పాడు.
టైర్ల నలుపు మీద
ఎండలో తెరుచుకున్న ఒక్క అరచెయ్యి:
అంత బాగా మరొకటి రాలేదు నాకు.

క్షమాభిక్ష ప్రకటించిన నెల
స్టూడియో మెట్ల మీద వరస.
వరసలో రాజేశం.
"ఇప్పుడు తియ్యే. మంచిగ తియ్. ఔట్‌పాస్‌కు."
కొక్కేనికి వేలాడే మా కోటు తొడిగాను,
చేతులు పొడవైపోయాయి.
నవ్వొద్దన్నాను.
సరేనన్నాడు గానీ పెదాలు వినలేదు.
మూడు పాడయ్యాయి.
నాలుగోసారి ఎవరినో తలుచుకున్నట్టున్నాడు,
ముఖం దానంతటదే సర్దుకుంది.
ఎవరినని అడగలేదు.
ఎనిమిది కాపీలు, ఇరవై దిర్హమ్‌లు.
పదిహేనుకి బేరమాడి
మిగిలిన ఐదుతో ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

కిటికీలోంచి చూశాను.
కవరు పట్టుకుని రోడ్డు దాటాడు,
గోడ వారన కాదు, నీడలో కాదు,
ఫుట్‌పాత్ నడిమధ్యన, తల పైకెత్తి,
ఎదురొచ్చే వాళ్లే పక్కకి జరిగేట్టు.

ఆ రోజు బుధవారం.
కెమెరా రూములో ఉంది.