ముడి లేని వల

మా ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గది నేలకింద ఉంటుంది,
బస్సుల అదురు తగలకుండా.
పంతొమ్మిదేళ్లుగా తాళంచెవి నా దగ్గరే.
కిటికీ లేదు.
అయినా విశాఖ సముద్రం దిగొస్తూనే ఉంటుంది,
గోడమీది చిన్న మీటరులో
తేమ ఎనభై రెండు, ఎనభై నాలుగు అంటూ.

గురువారం ఎమ్మెస్సీ పిల్లలొస్తారు.
నేను ప్రొఫెసర్ని కాను, ఆపరేటర్ని.
అయినా మొదటి పాఠం నాదే.
చిన్నదానికి మీ ఇళ్లల్లో ఎన్ని మాటలున్నాయో చెప్పండంటాను.
రవ్వంత, పిసరంత, నలుసంత, ఇసుమంత...
అనకాపల్లి కుర్రాడొకడు బెల్లం తునకంత అన్నాడోసారి,
చీమకి అది కొండ కదరా అని నవ్వారు.
చివరికి ఎవరో ఒకరు
ఆవగింజలో అరవయ్యో వంతు అంటారు.
అక్కడ ఆపి బోర్డుమీద లెక్కేస్తాను.
సుమారు ముప్పై మైక్రాన్లు.
మా దగ్గర అది యారాడ కొండ.
నాకు తెలిసిన తెలుగు ఇక్కడికి అయిపోయింది బాబూ,
చెప్పులిప్పి లోపలికి రండి.

అలా చెప్పులిప్పి వచ్చిందే
అర్జిల్లి పైడిరత్నం, పెదజాలారిపేట పిల్ల.
పరిశోధన ఇప్పుడు నాలుగో ఏడు,
ఫెలోషిప్పు రాక ఐదో నెల.
హార్బరు నీళ్లమీద తేలే డీజిలు తెట్టుని
నీటినుంచి విడదీసే పొర నేస్తోంది.
సిరంజి మొనకి పదిహేను వేల వోల్టులిస్తే
పాలిమరు చుక్క దారమై ఎగిరి
అల్యూమినియం రేకు మీద వాలుతుంది,
వెంట్రుకలో మూడొందలో వంతు లావున.

వైశాఖమంతా ఒక్కటీ కుదరలేదు.
గాలిలో తడుంటే దారం దారంగా రాదు,
మధ్యమధ్య పూసలు కడుతుంది.
ఏసీ బాగుచెయ్యమని అర్జీ పెట్టింది.
అర్జీ పై అంతస్తులో చల్లగా ఉంది.
తడి పీల్చే ఉప్పు పళ్లేల్లో పోసి
చుట్టూ ప్లాస్టిక్ పరదా కట్టి
అందులో తనే చెమటలు కక్కుతూ నేసింది.

ఆ రాత్రి రెండింటికి స్లాటు.
వేట నిషేధం రోజులు, బోటు ఒడ్డునే ఉంది,
తోడుగా వాళ్ల నాన్న దాసయ్య వచ్చాడు.
కుర్చీ అంచున కూర్చున్నాడు,
వేళ్లసందుల్లో నైలాను కోసిన పాత గీతలు.
నేను శాంపిలుకి బంగారు పూత పూశాను.
నా జీతంలో నేను ముట్టే బంగారం ఇదే.

తెరమీద బూడిదరంగు పోగులు.
పూసల్లేవు. మొదటిసారి.
పైడిరత్నం నా భుజం చరిచి
వెంటనే సిగ్గుపడి సారీ సార్ అంది.
దాసయ్య ముందుకి వంగాడు.

"కన్నెంత?"

వలకన్ను అడుగుతున్నాడని నాకు ఆలస్యంగా తట్టింది.
"ఒక మైక్రాను నాన్నా."
"కవళ్ల వల కంటే సన్నమేనా?"
ఆవగింజలో... అని మొదలుపెట్టి ఆగిపోయింది.

అతను చాలాసేపు చూశాడు.
నేను తెరని పక్కకి జరిపితే, ఉండు బావూ అన్నాడు.
"మరి ముడులేయి?
ఒకదాని మీదొకటి తొంగున్నాయి గానీ
ఏదీ దేన్నీ పట్టుకోనేదు.
ముడి నేని వల
ఒక్క పోటుకి ఇడిపోద్దమ్మా."

పంపు చప్పుడొక్కటే.
మూడు వారాలుగా ఆమె పొర
నీళ్ల ఒత్తిడికి పొరలుపొరలుగా ఊడిపోతోంది.
మూడు వారాలుగా ఆమె తిడుతున్నది
పంపుని.

తర్వాత పొయ్యిలో పెట్టడం మొదలెట్టింది,
పోగులు కలిసినచోట మాత్రమే అతుక్కుని
మిగతాచోట కరగని వేడి కోసం.
మొదటిది అప్పడంలా ముడుచుకుంది.
రెండోదానికి కళ్లన్నీ మూసుకుపోయాయి.
గైడుగారు మెయిలు పెట్టారు, ఇన్ని శాంపిళ్లు దేనికని.

మూడోది ఈ రాత్రి.
వేట తెరవడానికింకా పదకొండు రోజులు.
దాసయ్య వరండాలో
విడిచిన చెప్పుల వరస పక్కనే నిద్రపోతున్నాడు.
తేమ ఎనభై మూడు.
మైక్రోస్కోపు కడుపులోంచి గాలి తోడేస్తున్నాను.
శూన్యం కుదరడానికి నాలుగు నిమిషాలు.
పైడిరత్నం
గోళ్లు కొరకడం మానేసి
చున్నీ అంచుకి ఒక ముడి వేసింది,
విప్పింది.