చిరుమాను కామ

ఉదయగిరి డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు
టిక్కెట్లు చింపిన వేళ్లివి.
రిటైరయిన మూడో నెల్లో
పొలంగట్టున సర్కారుతుమ్మ నరకబోతే
కామ పటుక్కున విరిగి
సగం నా చేతిలో,
సగం గొడ్డలి కంట్లో.

కంట్లో ముక్కని కాల్చి తీద్దామని
పెరటి పొయ్యిలో పెట్టబోయాను.
"ఆపు కండక్టరూ!" గోడవతల్నించి కేక.
గరిటెలు చెక్కే ఖాసింబీ.
"నిప్పులో పెడితే
ఇనుము తాగిన నీళ్లు దిగిపోతాయి.
ఇంక అది గొడ్డలి కాదు, తూకంరాయి."

ఇనుము నీళ్లు తాగుతుందని
ఆ పూట తెలిసింది నాకు.

కొండ మీదకి పోయేవాళ్లతో
చిరుమాను కొమ్మ తెప్పించింది.
నీడలో ఆరనీమంది, నెలన్నర.
వారానికే చెక్కేశాను.
బస్సు లేటయితే మీద పడే జనంలాగా
నా చెయ్యి నన్నే తొందరపెడుతుంది.
చక్కగా కూర్చుంది. మురిశాను.
నాలుగో దెబ్బకి తలకాయ ఊడి
నిమ్మచెట్ల మీదుగా ఎగిరి
పక్కోళ్ల బోరు గుంటలో పడింది.

చూద్దామని వచ్చిన ఖాసింబీ నవ్వలేదు.
మోకాలిలోతు బురదలో నేను దేవులాడుతుంటే
గట్టున కూర్చుని వక్క నమిలింది.
"పచ్చికొయ్య మాట ఇస్తది అబ్బయా,
ఎండినాక తప్పుద్ది."

రెండోదానికి ఆగాను.
కొయ్యని ఎండకెత్తి, ఒక కన్ను మూసి,
నార ఎటు పోతా ఉందో చూడమంది.
"బోర్డు చూడకుండా బస్సెక్కుతారా ఎవరన్నా?
కొయ్యలో కూడా రూట్లుంటాయి.
అడ్డంగా దిగే నార విరుగుద్ది.
పొడుగునా సాగేది దెబ్బ మింగుద్ది."

బాడిసెతో పైపైన,
ఆకురాయితో మెల్లగా,
ఆఖరికి పగిలిన సీసా పెంకుతో గీకుతుంటే
సన్నటి పొట్టు లేచి
ఒళ్లో చింపిన టిక్కెట్లలా రాలింది.

కంట్లోకి దించడానికి
సుత్తితో ఇనుము నెత్తినే కొట్టబోయాను.
మళ్లీ కేక.
తల కిందికి వేలాడేట్టు పట్టుకుని
కామ మడమ మీద కొట్టాలంట.
కొట్టాను.
ఎవరూ తోయకుండానే ఇనుము
కామ వెంబడి పైకి పాక్కుంటూ వచ్చింది!
"దానికి బద్ధకం," అంది,
"కొయ్య కదిలినా తను కదలదు.
అదే మనకి లాభం."

"గొడ్డలి కామ కులానికి చేటు" అన్నాను,
నాకూ ఒక ముక్క తెలుసని చూపించడానికి.
చీల దిగగొడతా ఉన్నది ఆగింది.
"ఆ సామెత కట్టినోడు
ఎప్పుడన్నా కామ చెక్కుంటాడా?"
అంతే. మళ్లీ సుత్తి.

కూలి ఎంతని అడిగితే
కొంగుకి చేతులు దులుపుకుంటూ చెప్పింది.
"తొంభై ఆరులో, దుత్తలూరు దాటినాక,
నా గరిటెల గోతానికి లగేజీ కొట్టావు.
నాలుగు రూపాయలు.
దిగిపోతానన్నా వినలేదు."

నాకు గుర్తులేదు.
ఎన్ని గోతాలు, ఎన్ని మొహాలు.
రూలు ప్రకారమే కొట్టుంటాను.

మిగిలిన చిరుమాను ముక్క
ఉప్పు గరిటెకి వస్తుందని తనే పట్టుకుపోయింది.
నేను గొడ్డలిని చెవి దగ్గర పెట్టుకుని
మెటికతో తట్టి చూశాను.
ఇనుమూ కొయ్యా విడివిడిగా పలకలేదు.

తుమ్మ అట్లాగే ఉంది గట్టున.
రేపు చూద్దాం.
అరచేతిలో
పాత రూపాయి బిళ్లంత బొబ్బ.

ఇంకా మూడు బాకీ.