కింది దిక్కు

గూడెప్పాడు దాటినంక
చీకట్ల కనపడని గడ్డ ఒకటి.
డిక్కీల మూడు మిర్చి బస్తాలు,
వెనుక సీట్ల మా మరిది కొంరెల్లి, వాని తుమ్ములు.
గర్రుమన్నది.
ఆగి, మళ్ళొకసారి గర్రుమన్నది.
పంటి కింద రాయి పడ్డోడు
వండినామె ముఖం దిక్కు చూడనట్టు
కొంరెల్లి కిటికీల నుంచి చేన్లు చూసిండు.
చేన్లు కనపడే వెలుగే లేదు.

ఏనుమాముల మార్కెట్ల బస్తాలు దిగినయి,
రేటు దిగింది,
నా చెవులల్ల ఆ చప్పుడే దిగలే.

ఆ రాత్రి కాశిబుగ్గ గల్లీల
పాత చీర పరిచి, సెల్లు లైటు పట్టుకొని
బండి కింద ఎల్లెలకల పండుకున్న.
ఆరేండ్ల సంది నడుపుతున్న,
దాని కడుపు చూసుడు ఇదే మొదలు.
పైన కడిగి తుడిచి నిమ్మకాయ కట్టిన బండికి
కింద పరకాల నల్లమట్టి,
ఎప్పటిదో వరిగడ్డి పోచ,
సైలెన్సర్‌కు కరిగి అంటుకున్న పాలప్యాకెట్;
దాని మీది తారీకు ఇంకా చదవొస్తున్నది.
నడుమ, జానెడు మేర,
రంగు లేచిపోయి తెల్లగ మెరుస్తున్న ఇనుము.
ఏలు పెట్టి చూసిన.
అంత కొత్తది ఆ బండిల ఇంకేం లేదు.

"నూనె కారితే తెల్లారేసరికి తెలుస్తది,
పేపరు పరిచి పండుకో" అన్నడు ఫోన్ల ఖాజామియా.
పరిచిన. పండుకోలే.
టప్పు టప్పుమని లేని చుక్కలు లెక్కపెట్టిన.
పొద్దుగాల చూస్తే
ప్లాట్ల వేలం ప్రకటన మీద చుక్క లేదు,
మూడు మిర్చి గింజలున్నయి.

ములుగు రోడ్డు షెడ్డుల
బండి గుంత మీదికెక్కింది.
ఖాజామియా గుంతలకు దిగి
కుండలు కొనేటామె లెక్క
ఒక్కో చోట స్పానర్‌తోని తట్టి ఇన్నడు.
"చాంబరు గట్టిగనే ఉన్నది.
డిక్కీ అడుగున రబ్బరు బిళ్ళ ఊడిపోయింది,
నీ గింజలు అందుల్నుంచి రాలినయి.
షోరూమోడైతే అడుగంత మార్చాలంటడు.
ఇది గీరుడే అమ్మా, ఇరుగుడు గాదు."
పని నేర్చుకునే పోరడు ఓదెలు
తీగ బ్రష్షుతోని రుద్దిండు,
ఎర్ర ప్రైమరు పూసిండు,
అది ఆరేదాంక నాకు ఛాయ్ తెచ్చిండు,
ఆరినంక నల్లరంగు.
నాలుగు వందల ఇరవై. రబ్బరు బిళ్ళ ఊకెనే.
"మెరిసేది మంచిగుండె, అట్లనే ఉంచరాదా" అన్న.
"మెరిసేదాన్నే ముందుగాల తుప్పు తింటది."

తిరిగి పోయేటప్పుడు గడ్డ కాడ ఆపిన.
పగటిపూట చూస్తే
దాని ఒంటి మీద నాది ఒక్కటే గాదు,
ఎన్ని బండ్ల కడుపులో గీసిన గీతలు.
మంచి తిట్టు ఒకటి తయారు చేసుకొని దిగిన.
మక్కకంకులు కాల్చుకుంట పోశవ్వ అన్నది:
"ఏసింది మేమే బిడ్డా.
బడి గోడకు పోను మిగిలిన కాంక్రీటు.
నాలుగుసార్లు కాయితాలు రాయించుకున్నరు సార్లు.
పక్కింటి పిల్ల కాలు ఇరిగిన రాత్రి
ఇగ ఎవ్వరినీ అడగలే.
సున్నం గీతలు గీసినం.
లారీలు తినిపోయినయి."
తిట్టు నోట్లనే ఉన్నది.
కంకి కొనుక్కొని దాని మీదికెల్లే కొరికిన.

కొంరెల్లిని దిగమన్న.
సూడి బర్రె పక్కన నడిచినట్టు
వాడు బండి మీద చెయ్యేసి నడిచిండు.
ఖాజామియా చెప్పినట్టు ఏటవాలుగ,
ఒక చక్రం, ఇంకో చక్రం.
రేడియో బందు పెట్టి, అద్దాలు దించి,
కింది దిక్కు చెవి పెట్టిన.
కంకి గింజ నమిలే చప్పుడు, గంతే.

సీటు కింద డబ్బాల
ఓదెలు కట్టిచ్చిన రంగు ఇంకింత మిగిలున్నది.
మూత తీసి చూసిన.
నల్లది.
దీనికి తెల్లది కావాలె.