కట్టకు ఇరువై అయిదు

ఓదెలు ముందుగాల పెండ్లిండ్లు తీసేటోడు.
మా చిన్నాడిబిడ్డ పెండ్లిల కరెంటు పోతె
"తాళి మల్లోసారి కట్టున్రి" అన్నడు.
మా మామ చెప్పు తీసిండు.

గా పోరడే ఎన్నేండ్లకో
కోరుట్లల మా గల్లికి వచ్చిండు.
కెమెర సొంతంది కాదు, చెప్పులు గూడ ఎవలియో.
నాలుగు దినాలు ఊకె కూసున్నడు
మా చాటల ముందట, తంబాకు ఘాటుకు తుమ్ముకుంట.
అయిదో దినం మూత తీసిండు.

తునికాకు కోస్తున్న, చుడుతున్న, దారం తిప్పుతున్న.
పెదువులు కదులుతున్నయి.
అంతే. పదకొండు సెకండ్లట.

ఆ పదకొండు సెకండ్లు విమానమెక్కినయి.
యాడనో మంచు వడే ఊర్లె
నా పెదువులు తాటిచెట్టంత అయినయట,
కోట్లు తొడుక్కున్నోళ్లు లేచి నిలవడ్డరట.
ఓదెలుకు ఇత్తడి పిట్టనిచ్చి కాయితం మీద రాసిండ్రు:
"పనిని ప్రార్థన చేసుకున్న తల్లి."

సదివి చెప్పి, పిట్టను నా చాటల పెట్టిండు.
బరువున్నది. ఆ పొద్దు ఆకులెగరలే.

"బిడ్డా, నేను మొక్కుతలేను" అన్న.
"పద్దెనిమిది, పందొమ్మిది, ఇరువై అనుకుంటున్న.
ఒక్కటి తక్కువైతె మున్షి
కట్టకు కట్ట ఛాటు కొడ్తడు. నీకెర్కనే గద."
ఎర్కనే అన్నడు.
చప్పట్లకు అడ్డం పోలేకపోయిన అన్నడు.
చాయ్ తాగకనే పోయిండు.

పేపర్ల ఫోటో పడ్డంక గూడ
మిత్తి కట్టనీకె మళ్ల పెండ్లిండ్లే తీసిండు, జగిత్యాలల, మెట్‌పల్లిల.

మూడేండ్లకు వచ్చిండు, గడ్డం నెరిసి.
ఈసారి యాడ కోయలే.
మొదటి బీడి నుంచి వెయ్యో బీడి దాక
నా లెక్క, నా గొంతుతోని.
నడుమ దగ్గు. నడుమ మనుమరాలు వచ్చి రూపాయడుగుడు.
ఏ దేశమోళ్లూ పిలువలే. శాన పొడుగన్నరట.

మా గల్లిలనే దుప్పటి కట్టి ఏసిండు.
రాత్రంత చూసినం, ఒళ్లె చాటలు పెట్టుకొని,
తెర మీద నేను చుడుతుంటె కింద అందరం చుడుకుంట.

తెల్లారగట్ల రాజుబాయి ఒర్లింది:
"ఆగు ఆగు! పదారెన్క పద్దెనిమిదన్నవ్!"

ఓదెలు ఎన్కకు తిప్పి చూసిండు. నిజమే.
పోరి రూపాయడిగిన కాడ.
గదే కట్ట. నిండుగున్నదని
పోచమ్మ మీద ఒట్టు పెట్టి
మున్షితోని లొల్లి చేసిన కట్ట.

తీసెయ్యాల్నా అన్నట్టు నా దిక్కు చూసిండు ఓదెలు.

ఉండనియ్ అన్న.