కరెంటు పోయిన చోటు

బర్స్‌లెమ్‌లో ఆ చలికాలం
వారానికి మూడు రోజులే కరెంటు.
బొగ్గుగనుల గొడవలో
ఫ్యాక్టరీలకు మూడు రోజులు వెలుగిచ్చి
నాలుగు రోజులు కొవ్వొత్తులకు వదిలేశారు.

నేను గూడూరులో బంకమట్టి చదువు చదువుకుని
ఇక్కడ బట్టీల వేడి కొలవడానికి వచ్చినవాణ్ణి.
కింద, ప్లేట్లు ఆరబెట్టే పాత గదిలో
నలుగురు కుర్రాళ్ళు ఆల్బం చేస్తున్నారు.
గోడల నిండా కోడిగుడ్ల అట్టలు,
కిటికీలకు ఆసుపత్రి దుప్పట్లు,
అప్పు చేసి తెచ్చిన టేపు మెషీను,
అద్దె బాకీపడ్డ మెలట్రాన్.
దాని ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క.
నొక్కితే ఎనిమిది సెకన్లు వయొలిన్లు ఏడుస్తాయి,
ఆపైన ఊపిరాడదు. వేలెత్తాలి.
ఆ ఎనిమిది సెకన్ల కోసం
డెరిక్ టనిక్లిఫ్ బస్సు కండక్టరు పని మానేశాడు.

రెండోవైపంతా ఒకటే పాట.
పేరు సాగర్.
బట్టీలో పింగాణీకి పొగ తగలకుండా మూసే మట్టిపెట్టె అది.
పరీక్షలో రాసిన మాటే,
అయినా రాత్రిళ్ళు నేల అదురుతుంటే
నాకది మన సాగరంలాగే వినబడేది.

పచ్చికప్పులు బీటలిస్తున్నాయని
నేను దిగింది తగాదాకి.
డ్రమ్ముల దగ్గర నెవిల్ బ్లూర్
ఏడు లెక్క పెట్టలేక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.
ప్రతిసారీ ఆరు దగ్గర జారడం,
ఎనిమిది దాకా పోయి తిరిగి రావడం.
తగాదా మర్చిపోయి బకెట్ బోర్లించాను.
తకిట తకధిమి. తకిట తకధిమి.
లెక్క పెట్టకు, నోటితో అను, అన్నాను.
"మూడూ నాలుగూ!" అని అరిచాడు నెవిల్,
"మన వారమే కదరా ఇది!"
నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఫిబ్రవరి గురువారం, అర్ధరాత్రికి ముందే,
ఇరవై ఒకటో నిమిషంలో కరెంటు పోయింది.
చీకట్లో నెవిల్ ఇంకో పది ఆవర్తాలు వాయించి
ఒంటరితనం తెలిసి ఆపాడు.
ఎవరో బూతు తిట్టారు. ఎవరో నవ్వారు.

సోమవారం టేపు పెట్టి విన్నాం.
ఆగిపోతున్న టేపు మీద పడ్డ స్వరం
మామూలు వేగంలో తిప్పితే
కిందికి కుంగదు, పైకి లేస్తుంది.
చివరి క్షణంలో మెలట్రాన్
వెంటపడ్డ కొంగలా లేచి
ఇంకేం లేకుండా పోయింది.
మళ్ళీ చేయడానికి డబ్బు లేదు.
ఉంచేశారు.

ఏడువందల కాపీలు. అట్ట వెనక
చిన్న అక్షరాల్లో నా పేరు:
పెంచలయ్య పలకలేక, పెన్సిల్. బకెట్.

లండన్ వారపత్రిక నాలుగు వాక్యాలు రాసింది.
నాలుగోది: ఈ కుర్రాళ్ళకెవరైనా గడియారం కొనివ్వండి.
హాన్లీ కొట్టువాడు కౌంటరు కింద పెట్టాడు,
అడిగితే తీస్తానని. ఎవరడుగుతారు?
కాలేజీ హాల్లో ముప్పై ఒక్కమంది వచ్చారు,
తొమ్మిదిమంది బ్లూర్ ఇంటివాళ్ళే,
బార్ తెరిచాక మిగిలింది వాళ్ళే.

డెరిక్ వాళ్ళమ్మ ఎల్సీ
ముప్పై ఏళ్ళు కప్పుల అంచులకు బంగారు గీత గీసిన చెయ్యి.
కోటు విప్పకుండా, నిలబడే,
రెండోవైపు మొత్తం వింది.
నడుమ ఒకసారి గోడకేసి చూసింది.
సూది గరగరమన్నాక
"చాలా పొడుగు" అంది.
సంచి తీసుకుంది. గుమ్మం దగ్గర ఆగి
"అంచు మాత్రం కుదిరింది రా."

మిగిలిన కాపీల్లో కొన్ని
నా ఆరబెట్టే గదిలోనే మెత్తబడ్డాయి.
డెరిక్ వాటిని గిన్నెలుగా వంచి
శనివారం సంతలో అమ్మాడు,
పాటకన్నా ఎక్కువే వచ్చింది.
ఒకటి నా దగ్గరుంది, తాళంచెవులు వేస్తాను.
తీసేటప్పుడు గోరు గాడిలో గీసుకుంటుంది.
ఏ నిమిషమో తెలీదు.